గేటు దాటని పద్యం

బెంగళూరు మహదేవపురలో మునినారాయణప్ప ఇంట్లో పొద్దున్నే మోగేది దేవుడి పాట కాదు, వెంకటగిరియప్ప గొంతు. వంటింట్లో కెంపమ్మ నానబెట్టిన అనపగింజల్ని రెండు వేళ్ళ మధ్య నొక్కి పితికిపప్పు తీస్తూ ఉంటుంది. ఎదురుగా ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోనులో వెంకటగిరియప్ప నులకమంచం మీద కూర్చుని పద్యం ఎత్తుకుంటాడు. అతను రాగం తీసినప్పుడల్లా ఆవిడ వేళ్ళు ఆగిపోతాయి. హాల్లో కాఫీ లోటా పట్టుకుని కూర్చున్న మునినారాయణప్పకి ఆ ఆగడం వినపడుతుంది. పప్పు గిన్నెలో పడే చప్పుడు ఆగిందంటే ఆయన కడుపులో మంట మొదలైందన్నమాట.

మనవరాలు బడికి పోతున్న వయసులో ఇదేం బుద్ధి అంటారేమో. కుళ్ళుకి రిటైర్మెంటు ఉందని నాకైతే ఎవరూ చెప్పలేదు.

మునినారాయణప్పది దొడ్డబళ్ళాపురం పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. కుర్రతనంలోనే మహదేవపురకొచ్చి ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనికి చేరాడు. అప్పట్లో ఇక్కడ రాగి చేలుండేవి. ఒక సైటు కొనుక్కుని, ఇంటి మీద ఇల్లు కట్టుకుంటూ పోయాడు. కింద తానూ కెంపమ్మా, మొదటి అంతస్తులో కొడుకు హేమంత్‌కుమార్ సంసారం, ఆ పైన బాడుగకి శశిధర్ అనే నెల్లూరు అబ్బాయి. చేతికి గ్రీజు అంటినన్నాళ్ళూ అంటింది గానీ, ఆయన మనసు మాత్రం ఊరి జాతరలో నాటకం దగ్గరే ఉండిపోయింది.

ఆ నాటకాల సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. అక్కడ వేషం కట్టినవాడికి ఎవరూ డబ్బివ్వరు. వేషం కట్టేవాడే ఎదురు కట్టాలి. రైతులు, మగ్గం నేసేవాళ్ళు, అంగడి పెట్టుకున్నవాళ్ళు హార్మోనియం మేష్టరు ముందు కూర్చుని నెలల తరబడి పద్యాలు నేర్చుకుంటారు. పెద్ద వేషానికి పెద్ద రొక్కం. ఆడవేషాలకి మాత్రం బయటి ఊళ్ళనుంచి ఆడవాళ్ళని కూలికి పిలిపిస్తారు. మునినారాయణప్పకి దేవుడి వేషం కావాలి. వెంకటగిరియప్ప ఇంట్లో పట్టు మగ్గాలున్నాయి కాబట్టి ప్రతి ఏడూ అతనే ఎక్కువ కట్టి ఆ వేషం ఎత్తుకుపోయేవాడు. మనవాడికి రాజు వేషం మిగిలేది. రాజుకి కిరీటం ఉంటుంది, గద ఉంటుంది, మీసం ఉంటుంది. ఆఖర్న గెలిచేది మాత్రం దేవుడు. ఏడాదికోసారి ఊరందరి ముందు వెంకటగిరియప్ప చేతిలో ఓడిపోవడానికి ఈ మనిషి తన జేబులోంచే డబ్బు కట్టాడు. ఇంతకంటే కడుపుమంట ఇంకెక్కడుంటుంది?

నాటకాలు ఆగిపోయి ఏళ్ళయింది. కిరీటం పెట్టుకున్న ఫోటో హాల్లో గోడకెక్కింది. ఊళ్ళో పెళ్ళి వీడియోలు తీసే గురప్ప తీసిన క్యాసెట్లు బీరువాలోకి వెళ్ళాయి. మంట కూడా ఆరిపోయిందనుకునే సమయానికి, వెంకటగిరియప్ప కోడలు ఆయన చేత యూట్యూబులో ఛానల్ పెట్టించింది.

“ఏముండాది వాడి గొంతులో? పగిలిన బాన మాదిరి,” అన్నాడు మునినారాయణప్ప ఒకరోజు వంటింటి గడప దగ్గర నిలబడి.

“సుమ్నె ఉండప్పా, గమ్మున. అయిపోవస్తాంది,” అంది కెంపమ్మ తల తిప్పకుండా.

ఆవిడది ఒక పద్ధతి. పద్యం ఆఖరిదాకా చూస్తుంది. ఆఖర్న మూతి చివర ఒక చిన్న నవ్వు నవ్వుతుంది. అప్పుడు ఫోను బోర్లా పెట్టి పప్పు పనిలో పడుతుంది. ఆ నవ్వు చూసినప్పుడే మునినారాయణప్పకి కళ్ళల్లో నిప్పులు పోసినట్టయ్యేది. నలభై ఏళ్ళ కాపురంలో తన మొహం చూసి ఆవిడ అలా నవ్విన గుర్తు లేదు. గోడమీద కిరీటం ఫోటోకి బూజు పట్టి ఉంది. దాన్ని తుడవను తీరిక లేదు గానీ, దొడ్డబళ్ళాపురం వాడి పద్యానికి వేలితో లైకు కొట్టను తీరికుంది.

ఆయనకి కావలసింది ఒక్కటే. ఆ వేళ్ళు తన గొంతుకి ఆగాలి. నోరు తెరిచి అడుగుదామంటే రాజు వేషం కట్టినవాడికి అభిమానం అడ్డం. అందుకని దొడ్డిదారి వెతుక్కున్నాడు. కొడుకుని సాయం అడగొచ్చు. అడిగితే కొడుకు “ఎందుకు నాన్నా?” అంటాడు. బాడుగకుండేవాడు అలా అనడు కదా అని, ఒక ఆదివారం మేడెక్కి శశిధర్ తలుపు కొట్టాడు.

“శశీ, ఒక ఉపకారం జేయాలప్పా. మా నాటకం క్యాసెట్లు ఉండాయి. వాటిని ఇంట్లో టీవీలో, ఫోన్లలో చూసే మాదిరి చేయాల.”

“ఈజీ అంకుల్,” అన్నాడు శశిధర్. “మారతహళ్ళిలో ఒక స్టూడియోవాళ్ళున్నారు, క్యాసెట్లు ఫైల్స్‌గా మార్చిస్తారు. అవి ఒక హార్డ్ డిస్క్‌లో వేసి మీ రౌటర్‌కి వెనకాల గుచ్చేద్దాం. ఇంటి వైఫై ఉన్న వాళ్ళందరికీ కనిపిస్తాయి. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.”

“ఇంటర్నెట్ అక్కర లేదా?”

“లోపల్లోపలే కదా అంకుల్. హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళడానికి మీరు వీధి గేటు తీస్తారా? అలాగే.”

మునినారాయణప్ప మీసం సవరించుకున్నాడు. “అయితే వీధి గేటుకి బీగం వేసినా లోపల తిరగొచ్చు.”

“తిరగొచ్చు.”

“మీ ఆంటీ ఫోనుకీ, కింద టీవీకీ గేటు బీగం వేసేయి. బయటిది ఏదీ రాకూడదు. లోపలిది మాత్రం రానీ.”

శశిధర్ ఆయన మొహంలోకి చూశాడు. “ఆంటీకి తెలుసా అంకుల్?”

“ఆమె కండ్లకి మంచిది కాదని డాక్టరు చెప్పినాడు.”

నాటకం క్యాసెట్లు చూస్తే కళ్ళకి ఏమీ కాదా అని శశిధర్ అడగలేదు. బాడుగ పెంచని ఇంటి ఓనరు బెంగళూరులో దొరకడం ఎంత కష్టమో అతనికి తెలుసు. డిస్కు తయారై వచ్చాక దాన్ని రౌటర్‌కి గుచ్చి, సెట్టింగుల పేజీ తెరిచాడు. ఇంట్లోని ఫోన్లు, టీవీల పేర్లు వరసగా కనిపించాయి. వాటిలో రెండింటి పక్కన నొక్కాడు. ఇక ఆ రెండింటికీ డిస్కులోవి వస్తాయి, బయటి ఇంటర్నెట్ రాదు.

“కానీ అంకుల్, ఆంటీ ఫోన్‌లో సిమ్ డేటా ఉంటుంది కదా?”

“దాని సంగతి నేను చూసుకుంటా.”

కెంపమ్మ ఫోనుకి రీఛార్జి చేయించేది ఆయనే. ఆ నెల మాట్లాడ్డానికి మాత్రమే పనికొచ్చేది చేయించాడు. ఏళ్ళ తరబడి రాజు వేషం కట్టినవాడికి కుట్రలు ఒకరు నేర్పాలా?

మర్నాడు వంటింట్లోంచి వెంకటగిరియప్ప గొంతు రాలేదు.

“ఏమప్పా, ఫోనులో నెట్టు రాలేదే,” అంది కెంపమ్మ.

“వాన పడింది గదా, వైర్లు తడిసుంటాయి.”

“పైన హేమంతు వాళ్ళకి వస్తాందంటనే.”

“వాళ్ళు పై అంతస్తులో ఉండారు. ముందు వాళ్ళకే తగులుతాది సిగ్నలు,” అన్నాడు మునినారాయణప్ప. ఆ మాటకి రౌటరుకి నోరుంటే నవ్వేది. “బేజారెందుకు? మన డిస్కులో నాటకాలు ఉండాయి. టీవీలో చూడు.”

కెంపమ్మ చూసింది. అనపకాయల చేట ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుని, టీవీలో రాజుగారి ప్రతాపమంతా చూసింది. మునినారాయణప్ప పేపరు అడ్డం పెట్టుకుని ఆవిడ మొహం చూశాడు. పేపరు తలకిందులుగా ఉన్న సంగతి ఆయనకి తెలియదు.

“అబ్బా, అప్పుడు నీకు జుట్టు ఎంత ఉండె,” అందావిడ.

ఆయనకి కిరీటం మళ్ళీ నెత్తికెక్కినట్టయింది. అంగడికి పోయినప్పుడు కరివేపాకుతోపాటు కొనకపోయినా పరవాలేని మల్లెపూలు కూడా తెచ్చాడు. ఇంకో క్యాసెట్టు, ఇంకో క్యాసెట్టు అంటూ తనే రిమోటు నొక్కి పెట్టాడు. ఒక్కటే లోటు. వేళ్ళు ఆగడం లేదు. ఆయన పద్యం ఎంత పైకెత్తినా కెంపమ్మ గబగబా కాయలు వలుస్తూనే ఉంది. చివర నవ్వూ లేదు.

ఇక్కడ ఆయన చేసిన తప్పు ఒకటుంది. స్టూడియోకి పంపేటప్పుడు క్యాసెట్లన్నీ ఒక సంచిలో పోసి ఇచ్చేశాడు. ఏది ఏ ఏడాదిదో చూసుకోలేదు. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

హేమంత్‌కుమార్ పుట్టిన ఏడు కెంపమ్మ పురిటికి పుట్టింటికి పోయింది. ఆ ఏడు జాతరలో వేషం కట్టలేదని మునినారాయణప్ప చెప్పాడు. బిడ్డని చూడ్డానికి వచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని, “నువ్వు లేకుండా వేషం కట్టేదానికి మనసు రాలేదు కెంపీ,” అన్నాడు. ఆయన నోటినుంచి ఆవిడ విన్న మెత్తటి మాట అదొక్కటే. అక్కచెల్లెళ్ళకి చెప్పుకుంది. కొడుకు పెళ్ళిలో కోడలికి కూడా చెప్పింది.

ఆ రోజు మునినారాయణప్ప పాల ప్యాకెట్లు తీసుకుని ఇంట్లోకి వచ్చేసరికి టీవీలో తానే ఉన్నాడు. పక్కన రాణి వేషంలో అలివేలు. గౌరిబిదనూరు నుంచి కూలికి పిలిపించిన నటి. ఇద్దరూ కలిసి పద్యం పాడుతున్నారు. జనం ఈలలేస్తూ మళ్ళీ పాడమంటున్నారు. రాజుగారు మీసం దువ్వి మళ్ళీ పాడుతున్నాడు. ఇంతలో మైకులో ఎవరో అడ్డం వచ్చారు. మన రాజు మునినారాయణప్పకి మొగబిడ్డ పుట్టిన సంతోషానికి ఆయన బావమరిది పూలహారం వేస్తున్నాడని చెప్పారు. కెంపమ్మ తమ్ముడే స్టేజీ ఎక్కి హారం వేశాడు; అక్కకి మాత్రం ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. రాజుగారు ఆ హారం తీసి, జనం మళ్ళీ ఈల వేయగానే, అలివేలు మెడలో వేశాడు.

పాల ప్యాకెట్లు చేతిలో చల్లగా ఉన్నాయి. మునినారాయణప్ప రిమోటు కోసం చెయ్యి చాచాడు. అది కెంపమ్మ ఒళ్ళో ఉంది. ఆవిడ వెనక్కి తిప్పి, హారం వేసే చోటునుంచి మళ్ళీ పెట్టింది.

ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. చారులో ఉప్పు ఒకపూట లేదు, ఒకపూట రెండు రెట్లుంది. నిజం చెప్పాలంటే మునినారాయణప్పకి మొదట భయం వేసింది. తర్వాత లోలోపల ఒక రకం సంతోషం మొదలైంది. అలివేలు మీద తన పెళ్ళాం కుళ్ళుకుంటోంది. అంటే తన కోసమే కదా కుళ్ళుకోవడం. ఇన్నాళ్ళు తాను ఒక్కడే ఉడికాడు, ఇప్పుడు ఆవిడ వంతు. ఆ ధైర్యంతో ఒకపూట అన్నం తింటూ నోరు జారాడు.

“ఏమే, అలివేలు మీద ఇంకా కోపం పోలేదా?”

కెంపమ్మ గరిటె కింద పెట్టింది.

“అలివేలు మీద నాకేంటికప్పా కోపం? ఆమె కూలికి వచ్చింది. పాడమంటే పాడింది, పోయింది. నువ్వు లేకుండా మనసు రాలేదన్నావే, ఆ ఒక్క మాట పెట్టుకోని ఇన్నేండ్లు ఉంటి. మా అక్కలు వాళ్ళ మొగుళ్ళని తిడితే, మా ఆయన అట్లా కాదు అని చెప్పుకుంటి. నా బిడ్డ పుట్టినందుకు నా తమ్ముడేసిన హారం అది. నా కొడుకు పుట్టిన వాసన గూడా ఆరలేదు, దాన్ని తీసి…”

మునినారాయణప్ప కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

“నాకు ఏడుపుండేది అలివేలు మీద కాదు. నేత్రావతి మీద.”

“ఏ నేత్రావతి?”

“వెంకటగిరియప్ప పెండ్లాము. నువ్వు ఆ ఛానల్ ఒక్కరోజన్నా ఆఖరిదాకా చూసినావా? ఆయన పాడేది వినేదానికి చూస్తాననుకుంటివా? నీ మాదిరే పగిలిన బాన. పాడేసినంక ఆయన పక్కకి తిరిగి, సరిగా ఉండాదా అని ఆమెనడగతాడు. ఆమె తల ఊపతాది. ఆయన రాగం తీస్తే చాలు, అది వస్తాందని కాచుకోని ఉంటా నేను. ఊరి జనం ఎనక, బండి మీద నిలబడుకోని విన్నా నీ పద్యాలన్నీ. ఇంట్లో ఒక్కటి పాడినావా? ఇంట్లో నీ గొంతు లేచేది అన్నం పెట్టు అనేదానికే.”

ఇంట్లో పాడితే పద్యానికి మర్యాద ఉండదని ఆయన చిన్నప్పట్నుంచీ చెప్పే మాట. ఆ మాట ఇప్పుడు పనికిరాదు.

చెయ్యి కడుక్కుని మేడెక్కాడు. నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి తన ఫోనులో, జీవితంలో మొదటిసారి, వెంకటగిరియప్ప పద్యం ఆఖరిదాకా చూశాడు. నిజమే. మంచం చివర నేత్రావతి చేతాళాలు పట్టుకుని కూర్చుంది. పద్యం అయిపోగానే వెంకటగిరియప్ప ఆవిడ తట్టు తిరిగాడు. ఆవిడ తల ఊపింది. అతని మొహం చంటిపిల్లాడి మొహంలా అయింది. ఇంకోటి చూశాడు. అందులోనూ అంతే.

సిగ్గు వేసిందని చెబితే ముచ్చటగా ఉంటుంది గానీ, ముందు వేసింది అది కాదు. మళ్ళీ మంటే వేసింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీడు రెండు చోట్లా గెలిచాడు. స్టేజీ మీద దేవుడు, మంచం మీదా దేవుడే. తాను రెండు చోట్లా ఓడిపోయి, పైగా ఓడిపోయిన వీడియోలన్నీ డిస్కులో పెట్టి ఇంటిల్లిపాదికీ పంచాడు. సిగ్గు ఆ తర్వాత, మెట్లు దిగుతుంటే వేసింది.

తర్వాతి ఆదివారం శశిధర్‌ని కిందికి పిలిచాడు. ఆంటీ ఫోనుకి వేసిన బీగం తీసేయమన్నాడు. కళ్ళు బాగయ్యాయా అని శశిధర్ అడిగితే, “డాక్టరే తప్పు చెప్పినాడప్పా,” అన్నాడు. కెంపమ్మ వంటింట్లో పితికిపప్పు తీస్తోంది. “ఏ బీగము?” అంది అక్కడినుంచే.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. మునినారాయణప్ప వంటింటి గడప మీద కూర్చుని ఉన్నదంతా చెప్పేశాడు. వాన అబద్ధం, సిగ్నలు అబద్ధం, రీఛార్జి కూడా. కెంపమ్మ వింది. తిట్టలేదు. “నాకు తెలుసులే. వాన పడి ఎన్ని దినాలయింది,” అంది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఏళ్ళ తరబడి తాళం వేసి ఉన్న గొంతు. పద్యం ఎత్తుకున్నాడు. అలివేలుతో పాడిందే. మొదటి పాదంలో గొంతు బీటలు వారింది. రెండో పాదంలో రాగం ఎటో పోయింది. రౌటరు దగ్గర కూర్చున్న శశిధర్ మెల్లగా ఫోను తీసి వీడియో తీయడం మొదలుపెట్టాడు.

మూడో పాదానికి గింజలు పడే చప్పుడు ఆగింది.

మునినారాయణప్పకి అది వినపడింది. ఆయన ఆపలేదు. స్టీలు పళ్ళెం అంచు మీద కెంపమ్మ వేళ్ళు తాళం వేయసాగాయి. పద్యం అయిపోయాక ఆయన పక్కకి తిరిగాడు. చెమట పట్టింది.

“సరిగా ఉండాదా?”

“రెండో పాదంలో తాళం తప్పినావు,” అంది కెంపమ్మ. “అప్పుడూ అక్కడే తప్పేవాడివి. మేష్టరు ఎట్లనో కప్పేసేవాడు.” అని, మూతి చివర ఆ నవ్వు నవ్వింది.

“అంకుల్, సూపర్,” అన్నాడు శశిధర్. “యూట్యూబ్‌లో పెట్టేద్దాం. ఆంటీ అలా తాళం వేస్తుంటే జనం బాగా చూస్తారు. ఆ దొడ్డబళ్ళాపురం ఆయన ఛానల్‌ని దాటేస్తారు మీరు.”

మునినారాయణప్ప కళ్ళు ఒక్కసారిగా వెలిగాయి. వెంకటగిరియప్ప మంచం మీద కూర్చుని ఫోనులో దీన్ని చూడడం, నేత్రావతి మొహం మాడ్చుకోవడం ఆయనకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

“పెట్టప్పా. వాడు వినాల,” అన్నాడు.

“వద్దు. డిస్కులో పెట్టు,” అంది కెంపమ్మ.

“అది ఇంట్లో వాళ్ళకి మాత్రమే కనిపిస్తుంది ఆంటీ.”

“అందుకే.”

“కెంపీ, ఒక్కసారి ఆ వెంకటగిరియప్ప వింటే…”

కెంపమ్మ పళ్ళెం పక్కన పెట్టి ఆయన తట్టు చూసింది.

“వాడు వినేదానికి పాడినావా, నాకు పాడినావా?”

మునినారాయణప్ప నోరు తెరిచాడు. ఆ పొద్దున మంచం దిగినప్పటినుంచి పద్యం మొదలుపెట్టేదాకా తన మనసులో ఎవరున్నారో ఆయనకి బాగా తెలుసు. మూడో పాదం దగ్గరనుంచి ఎవరున్నారో కూడా తెలుసు. రెండూ నిజమే. కెంపమ్మ కాచుకుని ఉంది.

“డిస్కులో పెట్టప్పా,” అన్నాడు శశిధర్‌తో, కొంచెం కష్టంగానే.

శశిధర్ వీడియోని డిస్కులోకి ఎక్కించాడు. “ఆ పాతది, హారం వేసేది, తీసేయమంటారా ఆంటీ?”

“ఉండనీ నాయనా. రెండూ పక్కపక్కనే ఉండనీ,” అంది కెంపమ్మ.

ఆయన ఆవిడ ఫోనుకి ఇంటర్నెట్ తిరిగి తెరిపించాడు. డేటా ఉన్న రీఛార్జి కూడా చేయించాడు. మర్నాడు పొద్దున్నే మునినారాయణప్ప కాఫీ లోటా పట్టుకుని హాల్లో కూర్చుని చెవులు రిక్కించాడు. వంటింట్లో ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోనులోంచి బీటలు వారిన గొంతు ఒకటి వచ్చింది. అది తనదేనని గుర్తుపట్టడానికి ఆయనకి కాస్త సేపు పట్టింది. తర్వాత గింజల చప్పుడు ఆగింది.